గైర్హాజరైన ఫ్లెమింగోలు

ఉప్పలమొగ పక్షుల అభయారణ్యంలో ఫ్లెమింగోలు లేవన్న సంగతిని మొట్టమొదట కనిపెట్టినది డివిజన్ ఆఫీసులోని కంప్యూటరు. మార్చి పదిహేనో తేదీ ఉదయం పది గంటలకు దాని తెర మీద ‘ఫ్లెమింగో: మంజూరైన సంఖ్య 4,200, హాజరు 0’ అని ఎర్రటి అక్షరాలు వెలిగాయి.

అంతకు తొమ్మిది రోజుల ముందే మోకా బుల్లెయ్యకు ఆ సంగతి తెలుసు. ఆ మాటకొస్తే అవి గుంపులు గుంపులుగా లేచి వెళ్లిపోతుంటే నావలో నిలబడి, కనుమరుగయ్యేదాకా చూసినవాడు కూడా అతనే. కాని ఒక వాచరుకు తెలియడం ప్రభుత్వానికి తెలియడం కిందికి రాదు.

బుల్లెయ్యకు యాభై నాలుగేళ్లు. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట, మడచెట్లకూ ఇసుకదిబ్బలకూ మధ్య, ఇరవై రెండేళ్లుగా అటవీశాఖ వాచరు. అంతకు ముందు చేపలు పట్టేవాడు. ఎంత దూరాన ఎగిరే పిట్టనైనా రెక్క విదిలించే తీరును బట్టి ఫలానాదని చెప్పగలడు. ఈ నైపుణ్యానికి సర్వీసు రిజిస్టరులో గడి లేదు కాబట్టి ఎవరూ దాన్ని రాసుకోలేదు.

పక్షులకు హాజరు పట్టీ పెట్టాలన్నది డివిజనల్ అధికారి శేషఫణి గారి ఆలోచన. ఆయన బదిలీ మీద వస్తూనే సిబ్బంది హాజరును ఫోన్లోకి ఎక్కించారు. ప్రతి ఒక్కరూ పదింటికల్లా ఫోన్ ముందు ముఖం పెట్టాలి. దాంతో ఆఫీసులో క్రమశిక్షణ ఎంతగా పెరిగిందంటే, పదింటికి ముఖం పెట్టి పదింబావుకు టీ తాగడానికి వెళ్లేవారు తప్ప, ఆలస్యంగా వచ్చేవారు ఒక్కరూ లేకుండా పోయారు. ఈ విజయం తర్వాత జరిగిన సమీక్షా సమావేశంలో ఆయన ఒక ప్రశ్న వేశారు.

“అభయారణ్యానికి సిబ్బంది ముఖ్యమా, పక్షులు ముఖ్యమా?”

పక్షులే ముఖ్యమని అందరూ ముక్తకంఠంతో ఒప్పుకున్నారు.

“మరి ముఖ్యమైనవాటికి హాజరు లేదేం?”

జనవరిలో పక్షుల లెక్కింపులో తేలిన అంకెలనే ఏ రకానికి ఆ రకం మంజూరైన సంఖ్యగా ఖరారు చేశారు. ఆ రోజు కనిపించినవి ఉన్నట్టు, కనిపించనివి లేనట్టు. రోజూ పదింటికి వాచరు హాజరు వేసి పంపాలి.

మార్చి మొదటి వారంలో బుల్లెయ్య ఫోను నీళ్లలో పడింది. కొత్తది రావడానికి పదిహేనో తేదీ అయింది. అందుకే ఆ తొమ్మిది రోజులూ ఉప్పలమొగలో నాలుగువేల రెండొందల ఫ్లెమింగోలు రికార్డు ప్రకారం మేస్తూనే ఉన్నాయి.

ఎర్ర అక్షరాలు వెలిగిన గంటకు రేంజి ఆఫీసరు త్రినాథరావు గారు బుల్లెయ్యను పిలిపించారు. ఆయన చెడ్డవారు కాదు. మే నెలాఖరుకు రిటైరవుతున్నారు. అప్పటిదాకా తన పేరు ఏ కాగితంలోనూ కొత్తగా ఎక్కకుండా ఉంటే చాలన్నదే ఆయన కోరిక.

“ఏమయ్యాయి?” అన్నారాయన, కుర్చీలో ముందుకు వంగి.

“ఎల్లిపోయినియ్యండి.”

“ఎక్కడికి?”

“పడమర పక్కకండి. గుజరాతు ఉప్పుబీళ్లల్లో గుడ్లెడతాయంట గదండి. ఏటా ఎల్తాయండి, ఆయ్.”

“ఎవరిని అడిగి వెళ్లాయి?”

బుల్లెయ్య ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. “ఎండొచ్చిందండి,” అన్నాడు.

త్రినాథరావు గారు తల పట్టుకున్నారు. ఆయన బాధకు కారణం ఉంది. మార్చి ఇరవై తొమ్మిదిన ఉప్పలమొగలో ‘వసంత విహంగ విహారం’ జరగబోతోంది. రాజధాని నుంచి అరవై మంది అతిథులు వస్తున్నారు. శాఖకు పెద్ద దిక్కైన కార్యదర్శి గారే కుటుంబంతో సహా వస్తున్నారు. అందరికీ అందిన ఆహ్వాన పత్రికలో, గులాబీ అట్ట మీద, ‘ఫ్లెమింగోల దర్శనం: ప్రభుత్వ హామీ’ అని అచ్చయింది.

పక్షులు ఉండే చలికాలంలో పెట్టకుండా అవి వెళ్లిపోయే వసంతంలో ఎందుకు పెట్టారన్న అనుమానం బుల్లెయ్యకే కాదు, మొదట్లో కమిటీలో ఒకరిద్దరికి కూడా వచ్చింది. కాని చలికాలంలో అతిథులకు చలి వేస్తుంది. పైగా కవిత్వమంతా వెతికించి చూడగా పక్షులు వసంతంలోనే కూస్తున్నట్టు రుజువైంది. సాక్ష్యం అంత బలంగా ఉన్నప్పుడు తేదీ మార్చడం భావ్యం కాదని కమిటీ తీర్మానించింది.

మర్నాడే శేషఫణి గారు స్వయంగా వచ్చారు. రేంజి ఆఫీసు వరండాలో కుర్చీ వేయించుకుని, ఎదురుగా నిలబడ్డ బుల్లెయ్యను ఒకసారి, వెనకాల ఖాళీగా మెరుస్తున్న నీళ్లను ఒకసారి చూశారు.

“ముందస్తు అనుమతి లేకుండా, ప్రత్యామ్నాయ ఏర్పాటు చేయకుండా, మొత్తం వర్గం ఒకేసారి ప్రధాన స్థానం వదిలి వెళ్లడం,” అన్నారాయన, “ఇది సామూహిక గైర్హాజరు. దీని వెనక ప్రోద్బలం ఉందేమో చూడాలి.”

“అంత లేదండి. ఆటికి రెక్కలున్నాయండి,” అన్నాడు బుల్లెయ్య.

“ఆపడానికి నువ్వు తీసుకున్న చర్యలేమిటి?”

“సూశానండి.”

“చూసి?”

“సూశానండి. సేనాసేపు సూశానండి.”

‘వాచరు చూచినట్లు అంగీకరించినాడు’ అని రాసుకున్నారు శేషఫణి గారు.

తర్వాత నావలో అభయారణ్యం చుట్టివచ్చారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తెల్లదిబ్బ అని ఒక ఇసుక తిప్ప ఉంది. చుట్టూ నీళ్లు, మధ్యలో రెండెకరాల ఇసుక. దాన్ని చూడగానే ఆయన ముఖం విప్పారింది. ఫ్లెమింగోలు లేకపోయినా, అవి నిలబడి ఉండే నీళ్లన్నీ అక్కడి నుంచి చక్కగా కనబడతాయి. అతిథులను దిబ్బ మీద దించి, ‘ఇదిగో, ఇక్కడే’ అని చూపించవచ్చునని త్రినాథరావు గారితో అన్నారు. దర్శనం కాకపోయినా స్థల దర్శనం అవుతుంది.

నావ దగ్గరికి వెళ్లేసరికి దిబ్బ మీద నుంచి వందలాది చిన్న తెల్లపిట్టలు కిచకిచమంటూ పైకి లేచాయి. పసుపుపచ్చ ముక్కు, నల్లటి టోపీ పెట్టినట్టు నెత్తి, సన్నటి రెక్కలు. నావ మీదికి దూసుకొచ్చి మళ్లీ తప్పుకుంటున్నాయి.

“ఇవేమిటి?” అన్నారు శేషఫణి గారు, ఫైలు నెత్తిమీద పెట్టుకుని.

“రామదాసులండి. ఇసకలోనే గుడ్లెడతాయండి. గూడూ పాడూ ఏం ఉండదండి, కాలితో ఓ గుంట సేసేసి పెట్టేత్తాయి. నూటనలభై మూడు గుంటలున్నాయండి. తమరు ఇక్కడ మడుసుల్ని దింపితే నాశనమైపోతాయండి. గుడ్డుకీ ఇసకకీ తేడా తెలవదు గదండి.”

శేషఫణి గారు మంజూరు జాబితా తిరగేశారు. జనవరి లెక్కింపునాడు రామదాసులు ఎక్కడో ఏటి మధ్యన ఉన్నాయి. జాబితాలో వాటి పేరు లేదు.

“అంటే మంజూరు లేకుండా ప్రభుత్వ భూమిలో నివాసం ఏర్పరచుకున్నాయన్నమాట,” అన్నారాయన నెమ్మదిగా. “ఉండవలసినవి అనుమతి లేకుండా పోయాయి. ఉండకూడనివి అనుమతి లేకుండా వచ్చాయి. ఇక్కడ పరిపాలన అనేది ఉందా, త్రినాథరావు గారూ?”

త్రినాథరావు గారు నీళ్లవంక చూశారు.

ఖాళీ చేయించడానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా నోటీసు ఇవ్వాలి. డివిజన్ ఆఫీసులో గుమాస్తా ఎవరో గాని, రామదాసు అంటే మనిషే అనుకుని, పాత నమూనాలో పేరు మార్చి టైపు చేశాడు: ‘తెల్లదిబ్బపై అనధికారికముగా నివాసములు ఏర్పరచుకొని యున్న రామదాసు మరియు ఇతరులకు ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఈ నోటీసు అందిన ఏడు దినములలోగా మీరు కుటుంబ సభ్యులతో సహా సదరు స్థలమును ఖాళీ చేయవలెను. లేనియెడల మీ నిర్మాణములు తొలగించబడును.’

కాగితం పట్టుకుని ఇంటికెళ్లిన బుల్లెయ్యను భార్య మంగాయమ్మ ఆపింది. చేప కడుగుతున్న చేతులు అలాగే పెట్టుకుని, అతను చదువుతుంటే వింది.

“పిట్టలకి కాయితమా?”

“ఆయ్.”

“ఏం సేత్తావు దీన్ని?”

“కర్రకి కట్టి దిబ్బ మీద పాతాలంట. అందినట్టు సంతకం తేవాలంట.”

మంగాయమ్మ నవ్వలేదు. “గుడ్లు ఎన్నాళ్లయింది పెట్టి?” అంది.

“పది రోజులు. ఇంకో పది, పన్నెండు రోజులకి పిల్లలవుతాయి. ఆళ్లొచ్చేదీ అప్పుడే.”

“అయితే ఉద్దోగం పోద్దేమోనని కాయితం పాతుతావు, పిల్లలు పోతాయని ఏడుత్తావు. రెండూ నువ్వే సేత్తావు,” అని ఆమె చేప కడుక్కోవడంలో పడింది.

బుల్లెయ్య ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి, గుడ్లు తొక్కకుండా మునివేళ్ల మీద నడిచి, దిబ్బ అంచున కర్ర పాతాడు. అతను నావ ఎక్కేలోగానే ఒక రామదాసు వచ్చి కర్ర మీద వాలింది. కాగితం మీద రెట్ట వేసి ఎగిరిపోయింది. త్రినాథరావు గారు దాన్ని ఫోటో తీయించి, ‘నోటీసు అందినది’ అని ధ్రువీకరించి డివిజన్‌కు పంపారు.

ఏడు దినాల గడువు ఇరవై అయిదో తేదీకి ముగుస్తుంది. ఇరవై రెండున బుల్లెయ్య రేంజి ఆఫీసుకు వెళ్లాడు. త్రినాథరావు గారు రెండు కట్టల కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు.

“ఒకే మనిషికి ఇన్ని సంతకాలేంటండి?” అన్నాడు బుల్లెయ్య.

“ఈ కట్ట మనది. ఆ కట్ట పక్క రేంజిది. అక్కడ ఆఫీసరు లేక ఏడాదిన్నరయింది. నేనే ఇన్‌చార్జి.”

“ఆ రేంజి తమరు సూశారాండి ఎప్పుడైనా?”

“ఇన్‌చార్జికి చూడాల్సిన పని లేదోయ్. పోస్టు ఖాళీగా లేదని అనిపించుకుంటే చాలు.”

బుల్లెయ్య అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆ మాట గురించి ఆలోచించాడు. తర్వాత లేచి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

“రేంజరుగారండి. అక్కడ ఆఫీసరు లేడని తమర్ని పెట్టారు గదండి. మరి ఇక్కడ ఫ్లెమింగోలు లేవు గదండి.”

“అయితే?”

“రామదాసుల్ని పెట్టకూడదాండి?”

త్రినాథరావు గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయనకు ఎదురైన వాదనలన్నిటిలోనూ దోషం లేనిది ఇదొక్కటే. ఆయన మెల్లగా ఫోను తీశారు.

శేషఫణి గారు అంతా విని, “ఆలోచన నాకూ వచ్చింది,” అన్నారు.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ఫ్లెమింగో వర్గంలో ఏర్పడిన 4,200 ఖాళీలకు గాను, తెల్లదిబ్బ నివాసులైన 286 రామదాసులను, తమ సొంత విధులకు భంగం కలగకుండా, పూర్తి తాత్కాలిక ప్రాతిపదికన ఇన్‌చార్జి ఫ్లెమింగోలుగా నియమించడమైనది. ఖాళీ చేయవలసిందిగా ఇచ్చిన నోటీసు ఉపసంహరించడమైనది. తెల్లదిబ్బను వాటి ప్రధాన స్థానంగా ప్రకటించడమైనది.

ఆ రోజు కంప్యూటరు తెర మీద ఎర్ర అక్షరాలు ఆకుపచ్చగా మారాయి. బుల్లెయ్య కడుపునిండా అన్నం తిన్నాడు.

అయితే నియామకం జరిగాక బాధ్యతలుంటాయి. ఇరవై ఆరున శేషఫణి గారు ఫోన్‌లో వీడియో తెప్పించుకుని చూసి, బుల్లెయ్యకే ఫోను చేశారు.

“ఇవి తెల్లగా ఉన్నాయి.”

“తెల్లగానే ఉంటాయండి,” అన్నాడు బుల్లెయ్య.

“ఫ్లెమింగో పోస్టులో ఉన్నవి గులాబీ రంగులో ఉండాలి. పొడిరంగు చల్లే యంత్రం పంపిస్తాను.”

ఈ పది రోజుల్లో బుల్లెయ్య కూడా కొంత నేర్చుకున్నాడు.

“సిత్తవండి. కానీ గులాబీ అంటే యూనిఫారం గదండి. పర్మనెంటయితేనే గదండి యూనిఫారం ఇచ్చేది? నాకు పదకొండేళ్లకిచ్చారండి. ఈటికి నాలుగు రోజులకే ఇచ్చారనుకోండి, రేపు యూనియనోళ్లు అడుగుతారండి.”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

“పొడిరంగు విషయం పరిశీలనలో ఉంచుతున్నాం,” అన్నారు శేషఫణి గారు.

ఇరవై తొమ్మిదో తేదీ వచ్చింది. అతిథులు ఉదయం ఆరింటికి రావలసింది. స్వాగత ద్వారం, సన్నాయి, జ్యోతి ప్రజ్వలన, పక్షుల ప్రాముఖ్యం మీద నాలుగు ఉపన్యాసాలు అయ్యేసరికి పదకొండున్నర అయింది. అప్పటికి ఇసుక పెనంలా కాలుతోంది. రెండు మరపడవల్లో అరవై మందిని ఎక్కించారు. ముందు పడవలో కార్యదర్శి గారు, ఆయన భార్య, ఆమె తల్లి సుభాషిణి గారు. ఆవిడ ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠం చెప్పి రిటైరైన టీచరు. అరవై మందిలో సొంత బైనాక్యులర్లు తెచ్చుకున్నది ఆవిడ ఒక్కరే. శేషఫణి గారు మైకు పట్టుకున్నారు. బుల్లెయ్య ముందు పడవ ముక్కు దగ్గర, దారి చూపడానికి నిలబడ్డాడు.

తెల్లదిబ్బ కనబడింది.

“మాన్య అతిథులారా! మీ ఎదుట విధి నిర్వహణలో ఉన్నవి మన ఫ్లెమింగోలు!”

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి. సుభాషిణి గారు బైనాక్యులర్లు దించి, “ఇవి ఫ్లెమింగోలు కావు,” అన్నారు.

త్రినాథరావు గారు కళ్లు మూసుకున్నారు.

“అవునండి,” అన్నారు శేషఫణి గారు ఏమాత్రం తొణక్కుండా. “ఇవి ఇన్‌చార్జి ఫ్లెమింగోలు.” ఉత్తర్వు ప్రతిని కార్యదర్శి గారి చేతిలో పెట్టారు.

కార్యదర్శి గారు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివారు. చదువుతుంటే ఆయన ముఖంలో ఒక మెత్తదనం వచ్చింది.

“నేను కూడా మూడు శాఖలకు ఇన్‌చార్జిని,” అన్నారాయన దిబ్బవైపు చూస్తూ. “ఆ కష్టం ఎవరికీ తెలియదు. అదనపు భత్యం ఏమైనా ఇస్తున్నారా వీటికి?”

“లేదండి.”

“ఇవ్వకండి. ఆనవాయితీ అయిపోతుంది.” ఆయన లేచి నిలబడి చొక్కా సర్దుకున్నారు. “నేను దిగి ఒకసారి వాటిని అభినందిస్తాను. కింది స్థాయిలో పనిచేసేవారిని పైవాళ్లు పలకరించాలి. పడవ ఒడ్డుకు పోనివ్వండి. అందరూ దిగండి, గ్రూపు ఫోటో తీసుకుందాం.”

శేషఫణి గారు ఆనందంతో చెయ్యి ఊపారు. రెండు పడవలూ దిబ్బవైపు తిరిగాయి.

“బాబుగారండి, అక్కడ గుడ్లున్నాయండి,” అన్నాడు బుల్లెయ్య.

“ఎవరి గుడ్లు?” అన్నారు కార్యదర్శి గారు.

“ఆటియ్యేనండి.”

“విధుల్లో ఉండగా గుడ్లు పెట్టాయా?” ఆయన శేషఫణి గారి వైపు తిరిగారు. “అలాగైతే ఇది ప్రసూతి సెలవు కిందికి వస్తుంది కదా?”

శేషఫణి గారు మనసులో లెక్క వేసుకున్నారు. సెలవులో ఉన్నాయంటే హాజరు సున్నా అవుతుంది. హాజరు సున్నా అయితే హామీ పోతుంది. “తాత్కాలిక నియామకాలకు ప్రసూతి సెలవు వర్తించదండి,” అన్నారాయన. “కాబట్టి నియమావళి ప్రకారం గుడ్లు లేనట్టేనండి.”

“అయితే దిగవచ్చు.”

“నిరభ్యంతరంగా దిగవచ్చునండి.”

పడవ ఒడ్డుకు ఇరవై గజాల్లోకి వచ్చింది. రామదాసులన్నీ ఒక్కసారిగా లేచి కేకలు పెట్టడం మొదలుపెట్టాయి. వాటి కింద ఎండలో నూటనలభై మూడు గుంటలు నీడ లేకుండా పడి ఉన్నాయి. బుల్లెయ్యకు చెప్పవలసిన మాటలు చాలా గుర్తుకొచ్చాయి. యూనిఫారం, నోటీసు, ప్రధాన స్థానం, అన్నీ. వాటిలో ఏదీ నోటికి రాలేదు. అతను నీళ్లలోకి దూకాడు.

నడుంలోతు నీళ్లలో నిలబడి, పడవ ముక్కుకు రెండు చేతులూ ఆనించి, వెనక్కి నెట్టాడు.

“దిగొద్దండీ!” అని అరిచాడు. “అడుగేసే సోటు లేదండి, గుడ్డు పక్కన గుడ్డండి! తల్లులు లేసి ఎగురుతుంటే ఈ ఎండకి లోపలే ఉడికిపోతాయండి! మీకు దణ్ణం పెడతాను, దిగొద్దండి!”

“వాచర్!” అన్నారు శేషఫణి గారు మైకులోనే. ఆ మాట మొగ అంతా మారుమోగింది. “నువ్వు ఎవర్ని ఆపుతున్నావో తెలుసా?”

“తెలవదండి. ఎవర్నయినా ఆపుతానండి.”

పడవ ఇంజను కొట్టుకుంటోంది. సుభాషిణి గారు బైనాక్యులర్లు కళ్లకు పెట్టుకుని దిబ్బ అంచునే చూస్తున్నారు. కొంతసేపటికి వాటిని తీసి అల్లుడి చేతికిచ్చారు.

“ఆ గవ్వ పక్కన చూడు బాబూ. కొంచెం ఎడమకి.”

కార్యదర్శి గారు చూశారు. మొదట ఇసుకే కనబడింది. తర్వాత ఇసుక రంగులోనే మచ్చల గుడ్డు ఒకటి కనబడింది. అది కదులుతోంది. పెంకులో చిన్న చిల్లు పడింది. చిల్లులోంచి ముక్కు ఒకటి బయటికి వచ్చి, ఆగి, మళ్లీ పొడిచింది. తడిసిన తల బయటపడింది. రేగుపండంత కూడా లేని ఆ తల ఎండకు అటూ ఇటూ ఊగింది. పైనుంచి ఒక తల్లి దిగబోయి, పడవను చూసి భయపడి మళ్లీ పైకి లేచింది.

ఆయన ఉద్యోగ జీవితంలో ఏ విషయాన్నీ అంతసేపు చూడలేదు. చూసి బైనాక్యులర్లు దించారు.

“ఇది ఏ నియమం కిందికి వస్తుంది?” అన్నారు శేషఫణి గారితో, నెమ్మదిగా.

“ఏ నియమం కిందికీ రాదండి.”

“అయితే వెనక్కి తిప్పండి,” అన్నారు కార్యదర్శి గారు.

పడవలు వెనక్కి తిరిగాయి. బుల్లెయ్య నీళ్లలోనే నిలబడి చూస్తున్నాడు. పడవలు మలుపు దాటేసరికి తెల్లటి వర్షంలా రామదాసులన్నీ దిబ్బ మీదికి దిగాయి. అప్పుడుగాని అతను నీళ్లలోంచి కదలలేదు.

విహారం నూటికి నూరుపాళ్లు విజయవంతమైనట్టు శేషఫణి గారి సంతకంతో నివేదిక వెళ్లింది. ఇన్‌చార్జి పక్షుల విధానం మిగతా అభయారణ్యాలకూ వర్తింపజేయాలని సిఫారసు కూడా జరిగింది. అదే రోజు, అదే సంతకంతో, ప్రభుత్వ పడవను చేతులతో నెట్టి ఉన్నతాధికారి పర్యటనకు ఆటంకం కలిగించినందుకు బుల్లెయ్యను ఎందుకు తొలగించకూడదో పదిహేను రోజుల్లో చెప్పవలసిందిగా మెమో కూడా వచ్చింది.

బుల్లెయ్య మళ్లీ అన్నం సరిగ్గా తినడం మానేశాడు. మంగాయమ్మ మాత్రం పాత వల బయటికి తీసి, చిరుగులు బాగుచెయ్యడానికి కూర్చుంది. “పోతే పోనీ,” అంది. “సముద్రం ఎవర్నీ తీసెయ్యదు.”

ఏప్రిల్లో విచారణాధికారి వచ్చి, టేపు పెట్టి, బుల్లెయ్య ఎక్కడ నిలబడ్డాడో కొలిపించారు. అతను నిలబడింది పాటుకు సముద్రం వెనక్కి తగ్గినా నీళ్లు దిగని చోటని తేలింది. కాగితాల ప్రకారం అభయారణ్యం హద్దు ఇసుక దగ్గరే ఆగిపోతుంది. నీళ్లు వేరే శాఖవి. అంటే నేరం జరిగింది తమ హద్దుల బయట. ఫైలును తగు చర్య నిమిత్తం ఆ శాఖకు పంపారు. తమ దగ్గర బుల్లెయ్య అనే ఉద్యోగి లేడనీ, అయినా తమ నీళ్లలో నిలబడడానికి అనుమతి ఎవరిచ్చారో, ఎంత లోతున నిలబడ్డాడో, ఆ సమయానికి పోటో పాటో తెలిపితే పరిశీలిస్తామనీ వాళ్లు జవాబిచ్చారు. ఫైలు అటూ ఇటూ తిరుగుతూ బలుస్తోంది. అది తేలేదాకా బుల్లెయ్య ఉద్యోగం కదల్చడానికి ఎవరికీ అధికారం లేదు.

మే నెల మూడో వారంలో ఒక పొద్దున త్రినాథరావు గారు రేవు దగ్గరికి నడిచి వచ్చారు. బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నారు.

“ఇంకో పది రోజుల్లో పోతాను కదా,” అన్నారు. “ఓసారి చూపించు.”

బుల్లెయ్య నావను తెల్లదిబ్బకు దూరంగా ఆపాడు. పిల్లలు పెద్దవయ్యాయి. చాలామటుకు ఎగురుతున్నాయి. ముక్కులు ఇంకా పసుపు తిరగలేదు. ఒకటి వచ్చి నావకు ఎదురుగా గాలిలో నిలబడి, రెక్కలు టపటపలాడించి, రాయిలా నీళ్లలో పడింది. ఉత్త ముక్కుతో లేచింది. మళ్లీ పడింది. మళ్లీ ఏమీ లేదు. మూడోసారి అడ్డంగా పడి, నీళ్లు మింగి, దిబ్బ మీదికి పోయి కూర్చుంది.

త్రినాథరావు గారు బూట్లు పక్కన పెట్టేసి, నావ అంచు పట్టుకుని ముందుకు వంగారు.

అది మళ్లీ లేచింది. నిలబడింది. పడింది. లేచేసరికి ముక్కులో వెండిరేకులా చిన్న చేప కొట్టుకుంటోంది. దాన్ని ఎలా మింగాలో తెలియక ఆ పిల్ల నావ చుట్టూ రెండు చుట్లు తిరిగింది.

“పట్టిందిరోయ్!” అని చప్పట్లు కొట్టారు త్రినాథరావు గారు. కొట్టి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకున్నారు. నీళ్లు తప్ప ఎవరూ లేరు. ఆయన ఇంకోసారి, ఈసారి గట్టిగా కొట్టారు.

బుల్లెయ్య కూడా నవ్వుతూ తెడ్డు అందుకున్నాడు. “ఇది ఇయ్యాల్టి రిపోర్టులో రాయమంటారాండి?”

త్రినాథరావు గారు గాభరాగా చెయ్యి అడ్డం పెట్టారు.

“వద్దు, వద్దు. రాశావంటే రేపట్నుంచి పిట్టకి రోజుకెన్ని చేపలో టార్గెట్టు పెడతారు.”